అన్న రాసిన ‘ప్ర’

మొయినాబాద్ దాటాక చేవెళ్ల వెళ్లే రోడ్డు పక్కన ఒక పాత తోట బంగ్లా ఉండేది. 1969 వానాకాలంలో ఒక ఆదివారం ఆ బంగ్లా హాల్లో ముప్పై దాకా నూనెరంగుల బొమ్మలను జనం చూడటానికి పెట్టారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, మా తాతలు పడుచువాళ్లుగా ఉన్నప్పుడు వేసిన బొమ్మలవి. అలాంటివాటిని అంత దగ్గరగా చూడటం నాకు అదే మొదటిసారి. అయినా సగం బొమ్మల్లో ఏముందో ఇవాళ చెప్పలేను. గోడల వైపు కంటే గేటు వైపే ఎక్కువ చూశాను. మా అన్న అప్పుడు జామీను మీద బయట ఉన్నాడు. నేను రాసిన ఒక్క మాట అతణ్ణి మళ్లీ జైలుకు పంపేలా ఉంది.

అన్న చేవెళ్లలో బోర్డులు రాసి బతికేవాడు. కిరాణా కొట్టు పేరు, లారీ వెనక తట్టు, చర్చి గోడ మీద వాక్యం, ఏది రాసినా కొలత పెట్టినట్టు ఉండేది. ఆ ఏడాది ఉద్యమం మొదలయ్యాక కుర్రాళ్లు వచ్చి అడిగితే చేవెళ్ల నుంచి మొయినాబాద్ దాకా గోడల మీద ‘ప్రత్యేక తెలంగాణ’ అని జానెడు అక్షరాలతో రాశాడు. తక్కినవాళ్లు రాసిన నినాదాలు వంకరలు పోయి కారేవి. అన్న రాసినవి నిలబడేవి. అదే అతని కొంప ముంచింది. ‘ప్ర’ కింద ర వత్తును అతడు మామూలుగా వదిలేవాడు కాదు. కొడవలిలా కిందికి దింపి, చివర సన్నగా పైకి లేపేవాడు. ఠాణాకు తీసుకెళ్లి పలక చేతికిచ్చి ఏదైనా రాయమంటే, తెలివిగా ‘ప్రభువు’ అని రాశాడట. అక్షరం మళ్లీ అదే తోక వేసుకుని వచ్చింది.

రెండు నెలల తర్వాత జైలు నుంచి బయటికి వచ్చేసరికి దగ్గు పట్టుకుంది. అతణ్ణి మళ్లీ లోపల పెడితే ఛాతీ తట్టుకోదని దవాఖానలో డాక్టరు వదినతో చెప్పకుండా నాతో చెప్పాడు. ఆరు నెలల దాకా ఏ సభలో గాని, ఊరేగింపులో గాని, ప్రదర్శనలో గాని పాల్గొననని అన్న జామీను పత్రం మీద సంతకం చేశాడు. ఆ పత్రం చదివి అర్థం చెప్పింది నేనే. పక్కన సాక్షి సంతకం కూడా నాదే.

నేను చేవెళ్లలో బడిపంతులును. సంస్కరణ సభల్లో వాదం నేర్చుకున్నవాణ్ణి. ముహూర్తాలనూ, దిష్టినీ, ప్రార్థనతో రోగాలు పోతాయనే మాటనూ ఒకే ఊపులో ఎండగట్టేవాణ్ణి. మా ఇల్లు ఎంకపల్లిలో చర్చికి రెండిళ్ల అవతల. నా వాదాలు విని మా అవ్వ చెవులు మూసుకునేది. మాట శుభ్రపడితే బుద్ధి శుభ్రపడుతుందని నా నమ్మకం. దవాఖాన అనొద్దు, వైద్యశాల అనండి, కిరాయి అనొద్దు, అద్దె అనండి అని పిల్లల వెంట పడేవాణ్ణి. బళ్లు నెలల తరబడి మూతపడి ఉండటంతో ఆ రోజుల్లో నాకు వెంటపడటానికి పిల్లలు కూడా లేరు.

అలాంటప్పుడు ఆ బంగ్లాలో ఉండే ముసలి డ్రాయింగ్ మాస్టర్ నా దగ్గరికి వచ్చాడు. ఆయన పట్నంలో ఉద్యోగం చేసి దిగిపోయాడు. బంగ్లా యజమానులు పట్నంలో ఉంటే ఇక్కడ తాళాలు ఈయన చేతిలో ఉండేవి. ఒకప్పుడు బొంబాయిలో నేర్చుకుని వచ్చిన చిత్రకారుడెవరో ఆ తోటలో కొన్నేళ్లు ఉండి, బంగ్లావాళ్ల బొమ్మలతోపాటు చుట్టుపక్కల ఊళ్ల మనుషుల బొమ్మలు కూడా వేశాడట. ఇప్పుడు వాటిని అమ్మేస్తున్నారు.

“సోమవారం లారీ వస్తది పంతులూ,” అన్నాడు మాస్టర్. “ఒక్క దినం మనోళ్లు చూడాలె. ఈళ్ల తాతల మొకాలున్నయ్ అండ్ల. జర నాలుగు మాటలు రాసియ్యి, మీ అన్నతోని బోర్డు రాయిద్దం.”

రాసిచ్చాను. ‘తైలవర్ణ చిత్రముల ప్రదర్శన. ఆదివారము మధ్యాహ్నము. ప్రజలందరు తరలి రావలెను.’ ఒక్క పరాయి మాట లేకుండా వచ్చిందని మురిసిపోయాను కూడా. అన్న దాన్ని తీసుకెళ్లి ఒక రేకు బోర్డు, నాలుగు కాగితాలు రాశాడు. కాగితాల కింద ‘మొయినాబాద్ తోట బంగ్లా’ అని కలిపాడు. బోర్డు బంగ్లా గేటు మీదికి ఎక్కింది. కాగితాలు చేవెళ్ల బస్సులు ఆగే చోట గోడకెక్కాయి.

శనివారం పొద్దున ఆ గోడ ఎదుటి హోటల్లో చాయ్‌కు కూర్చున్నాను. హోటలాయన నా ముందు గ్లాసు పెట్టి గొంతు తగ్గించాడు.

“సారూ, రేపు మొయినాబాద్ల ప్రదర్శనంట గద. బస్సులు నడుస్తయా, అద్దాలు పలుగుతయా?”

“అయ్యో, అది బొమ్మల ప్రదర్శన.”

“బొమ్మలా?” పక్క బల్ల మీది ముసలాయన తలెత్తాడు. “గట్ల చెప్పు మరి. ఎవని దిష్టిబొమ్మ కాలవెడ్తున్రు? మంత్రిదా?”

హోటల్లో నలుగురూ నవ్వారు. నేను చాయ్ గ్లాసు పక్కకు జరిపాను. నలుగురికి మించి ఒకచోట చేరకూడదని నిషేధం ఉన్న రోజులు. ఆ ఏడాది మా ఊళ్లలో ప్రదర్శన అంటే ఒక్కటే అర్థం: జెండాలు, నినాదాలు, వెనక లాఠీలు. అదే మాట అన్న సంతకం చేసిన కాగితంలో ఉంది. దాన్ని చదివి వినిపించిన నేనే, మళ్లీ అదే మాటను అతని చేతనే రోడ్డు మీద రాయించాను. ‘ప్రజలందరు తరలి రావలెను’ అని పిలుపు కూడా ఇప్పించాను. లేచి గోడ దగ్గరికి వెళ్లాను. నాలుగు కాగితాలూ లేవు. చిరిగిన మూలలు మాత్రం మైదాపిండికి అంటుకుని ఉన్నాయి. వాన చింపితే అలా ఉండదు. ఎవరో పట్టి లాగారు.

ఆ మధ్యాహ్నం బంగ్లాకు పోయి బోర్డు దింపించి ఉండాల్సింది. కనీసం అన్నకు సంగతి చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. చెబితే తప్పు నాదని ఒప్పుకోవాలి. ఊళ్లో ఎవరి తప్పునైనా నిలబెట్టి అడిగే నాకు, అది కుదరలేదు. ఆదివారం చర్చి విడిచాక అన్నను ఆపడానికి వేరే సాకులు వెతికాను.

“వాన పడేటట్టున్నది అన్నా. నీ దగ్గుకు మంచిది కాదు.”

“వాన నిన్న పడ్డది, మొన్న పడ్డది. అయితే ఏందిరా?” అన్నాడు అన్న. “ఇన్నేండ్లు రంగులు కలిపిన. ఒక్క అసలైన బొమ్మ చూసినోణ్ణి కాదు. రేపు లారీల పోతయి. నువ్వు రాకుంటే ఊకో, నేను పోత.”

“నువ్వైనా చెప్పవే అవ్వా,” అన్నాను. 

అవ్వ బియ్యం చెరుగుతూ తలెత్తింది. “ఏం చెప్పాలె? ఆడు పోయేది బొమ్మలు చూసెతందుకేనాయె. మొకమేంది నీది గట్లున్నది? దయ్యాల్లేవని నువ్వే చెప్తవ్ గదా.”

వెంట వెళ్లాను. ఎంకపల్లి నుంచి నడుస్తున్నంతసేపూ వెనక సైకిలు చప్పుడైనా ఉలిక్కిపడ్డాను. దూరం నుంచే గేటు మీద బోర్డు కనిపించింది. తెల్లటి రేకు మీద నల్లటి అక్షరాలు. ‘ప్ర’ కింద కొడవలి నిగనిగలాడుతోంది. అన్న ఒక క్షణం ఆగి, తల పక్కకు వంచి, తన రాతను తానే చూసుకుని తృప్తిపడ్డాడు.

హాల్లో పాత వార్నిషు వాసన, తడి గోడల వాసన కలిసిపోయి ఉన్నాయి. మాస్టర్ కిటికీలన్నీ తెరిపించి, బొమ్మల మీది దుమ్ము మెత్తటి గుడ్డతో తుడిపించాడు. చర్చి నుంచి నేరుగా వచ్చిన ఆడవాళ్లు, నాలుగైదు రైతు కుటుంబాలు, అంతా పాతిక మంది. నేను మాత్రం వాళ్లను లెక్కపెడుతున్నాను. నలుగురికి మించి ఎంతమంది? ప్రతి కొత్త మనిషి లోపలికి రాగానే లెక్క మళ్లీ మొదలుపెట్టేవాణ్ణి. ఇంకొకరు రాకపోతే బాగుండునని, నేనే తరలి రమ్మన్న ప్రజల గురించి అనుకున్నాను.

ఒక పెద్ద బొమ్మలో నిలువెత్తు బేగం, మెడ నిండా ముత్యాలు. దాని ముందు ఇద్దరు ఆడవాళ్లు నిలబడ్డారు.

“గన్ని సొమ్ములేసిండు, కాళ్లకు చెప్పులు మరిచిండు చూడు.”

“చెప్పులేసుకుని పోయేది ఏడికే ఆమె? గా కుర్చీ కాడికెల్లి మంచం కాడికి.”

ఇంకో బొమ్మలో ఒక రైతు మోట తోలుతున్నాడు. పక్కన ఒక ముసలామె కళ్లు చికిలించి, మా మామ ముక్కు ఇదేనని అందరినీ పిలిచి చూపిస్తోంది. అన్న ఆ బొమ్మకు ముక్కు ఆనేంత దగ్గరగా వెళ్లాడు, వెనక్కి నడిచాడు, మళ్లీ దగ్గరగా వెళ్లాడు. దగ్గు కూడా మరిచిపోయాడు. జైలు నుంచి వచ్చాక అతని ముఖంలో అంత వెలుగు నేను చూడలేదు. చూసినకొద్దీ నాకు భయం ఎక్కువైంది.

అప్పుడే గేటు దగ్గర సైకిలు ఆగింది. జమేదారు. మా వైపు చాలా ఏళ్లుగా ఉన్న హెడ్ కానిస్టేబుల్‌ను అందరూ అలాగే పిలిచేవారు. టోపీ మీది వాననీళ్లు దులుపుకుని, లోపలి జేబులోంచి మడిచిన కాగితం తీశాడు. చేవెళ్ల గోడ మీది కాగితం. ఆయన నిజాం కాలంలో ఉర్దూలో చదువుకున్నవాడు. తెలుగును వేలు పెట్టి కూడబలుక్కుని చదివేవాడు.

“ప్ర... దర్... శన. తరలి రావలెను.” కాగితం పైకెత్తాడు. “రాసింది ఎవరు?”

ఆ ప్రశ్నకు జవాబు నేనే చెప్పాలి. మాటలు కూర్చింది నేను. నాలుక కదలలేదు. వందమంది ముందు ఆగకుండా మాట్లాడిన నోరు అది. అలాంటప్పుడు కొందరికి ప్రార్థన వస్తుందంటారు. నాకు ప్రార్థనా రాలేదు, వాదమూ రాలేదు. అంతలో వెనక నుంచి అన్న ముందుకు వచ్చాడు.

“నేనే రాసిన.”

అతని లెక్కలో అది నిజమే. అక్షరాలు రాసింది అతనే. జమేదారు అతని ముఖం చూశాడు, కాగితం చూశాడు.

“నువ్వే రాసినవని నాకు ఎర్కే. గీ తోక చూస్తె చీకట్ల గూడ చెప్త. జామీను మీద ఉన్నవ్ గద? ఏం రాసిచ్చినవ్ అండ్ల?”

“రాసింది నేను,” అన్నాను. “మాటలు నావి. ఆయన అచ్చు దింపినట్టు దింపాడు, అంతే. దాని అర్థం కూడా ఆయనకు నేను చెప్పలేదు. ఇది ఆ ప్రదర్శన కాదు జమేదారు సాబ్. బొమ్మలు.”

“ఏ బొమ్మలు?”

“వచ్చి చూడు,” అన్నాడు మాస్టర్.

జమేదారు టోపీ తీయకుండా గోడ వెంట నడిచాడు. మేము వెనకాల నడిచాం. ప్రతి ముఖం ముందూ ఆగి, నేరస్తుణ్ణి గుర్తుపట్టడానికి పిలిచినట్టు చూశాడు. గడ్డం ఉన్న ఒక మున్షీ బొమ్మ దగ్గర వేలు పెట్టాడు.

“ఈయన ఎవరు? లీడరా?”

“పోయి నలబై ఏండ్లాయె,” అన్నాడు మాస్టర్. “కావాల్నంటే గోరీల కాడికి తోలుకపోత, అరెస్ట్ చేసుకో.”

వెనక ఆడవాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. జమేదారు కూడా నవ్వబోయి ఆపుకున్నాడు. హాలు చివరి దాకా వెళ్లి వచ్చి, అన్న ముందు కాకుండా నా ముందు నిలబడ్డాడు.

“పంతులూ, నువ్వు సదువుకున్నోనివి. గీ ముచ్చటకు నుమాయిష్ అని రాస్తె నీ సొమ్మేం పోయె? ముసలోళ్ల కెల్లి పసిపోరల దాక ఎర్కలేనోడు ఉన్నడా? ఏటేట పట్నం పోయి చూసొస్తలేరా?”

నుమాయిష్ అనే మాట నాకు తట్టనే లేదని చెబితే ఎవరూ నమ్మరు. నా నోట్లోంచి, నా పిల్లల నోట్లోంచి నేనే ఊడ్చి పారేసిన మాటల్లో అదొకటి. మా అవ్వకు అర్థమయ్యే మాట తీసేసి, పుస్తకంలో దొరికిన మాట పెట్టాను. దాని ధర అన్న ఛాతీ మీద పడబోయింది.

జమేదారు చేతి గడియారం చూశాడు. “సర్కిల్ సాబ్ జీపు చేవెళ్ల నుంచి వస్తది, గీ దారినే పోతది. అర్ధగంట ఉన్నదో లేదో. కోస్త దిక్కు సారు. తెలుగు నా లెక్క కాదు, గడగడ సదువుతడు. గోడల మీది రాతల ఫోటోలు గూడ దీపిచ్చిండు. గా తోక చూసిండంటే నేను అడ్డం వండుకున్నా ఆగడు.”

“బోర్డు పీకేద్దాం,” అన్నాను.

“పీకేస్తె ఎందుకు పీకినవ్ అంటడు. పొద్దున పోయేటప్పుడు బోర్డున్నదని చూసే ఉంటడు. సదివిండో లేదో ఎర్కలేదు. మాట మార్చుండ్రి.”

రంగులు చేవెళ్ల కొట్లో ఉన్నాయి. మాస్టర్ వంటింట్లోంచి గోడలకు వేసే సున్నం డబ్బా తెచ్చాడు. అన్న లాంతరు మసి, పొయ్యి మసి గోకి, బొమ్మలకు పూయడానికి ఉంచిన అవిసె నూనెలో వేసి వేలితోనే మెదిపాడు. జల్లు ఆగి ఉంది. గేటు కింద స్టూలు వేసి ఎక్కాడు. నేను స్టూలు పట్టుకున్నాను. మొదట ‘ప్రదర్శన’ మీద సున్నం పడింది. తర్వాత ‘చిత్రముల’ కూడా పోవాల్సి వచ్చింది, అక్కడా ర వత్తు ఉంది, అక్కడా అదే తోక. చివరికి ‘ప్రజలందరు’ కూడా. నా వాక్యమంతా సున్నం కిందికి వెళ్లింది.

“కాళ్లు వణికిస్తున్నవ్ రా,” అన్నాడు అన్న పైనుంచి. “నువ్వు వణికితే స్టూలు వణుకుతది, స్టూలు వణికితే అక్షరం వణుకుతది. సక్కగ నిలవడు.”

‘బొమ్మల’ అయింది. ‘నుమా’ దాకా వచ్చేసరికి రోడ్డు మలుపులో ఇంజను మోత వినిపించింది. నేను అతని కాలు పట్టుకుని దిగమని లాగాను. అతడు దిగలేదు. జీపు వేగం తగ్గించి గేటు ముందు ఆగేసరికి ‘ష్’ మీద పొల్లు పెడుతున్నాడు. చేతులు మోచేతుల దాకా నలుపు.

అధికారి జీపు దిగలేదు. తడి అక్షరాల వైపు చూశాడు.

“ఏంటిది?”

“నుమాయిష్ సార్. ఎగ్జిబిషన్,” జమేదారు సెల్యూట్ కొట్టి నిలబడ్డాడు. “పాత కాలం బొమ్మలు. నేను లోపల జూసొచ్చిన. ముసలోళ్లు, ఆడోళ్లే ఉన్నరు.”

“వీడెవడు?”

“బోర్డ్ పెయింటర్ సార్.”

అన్న స్టూలు మీద అలాగే ఉన్నాడు. దగ్గు వస్తోంది, ఆపుకుంటున్నాడు. అతని మెడ నరాలు ఉబ్బడం నాకు కింది నుంచి కనిపిస్తోంది. దగ్గితే అధికారి మళ్లీ చూస్తాడు, చూస్తే గుర్తుపడతాడు అని నాకు నేనే ఒక గొలుసు అల్లుకుని, దాని ప్రతి లంకెనూ నమ్మాను.

అధికారి నవ్వాడు. “బాగుందయ్యా! ప్రదర్శన అయిపోయే వేళకి బోర్డు రాయిస్తున్నారా?”

ఆయన నోట ఆ మాట వినగానే నా చేతుల కింద స్టూలు కదిలింది. ఆయన దాన్ని బొమ్మల అర్థంలోనే అన్నాడు. మరో అర్థం ఆయనకు తోచనే లేదేమో. లేదా తోచి, మా ముఖాలు చూడటానికే అన్నాడేమో. ఇన్నేళ్ల తర్వాత కూడా అది తేల్చుకోలేకపోయాను.

“వానకు పొద్దుటి రంగు కరిగింది సార్,” అన్నాడు జమేదారు.

జీపు కదిలింది. మలుపు తిరిగి కనుమరుగైంది. అప్పుడు అన్న దగ్గాడు, స్టూలు మీదే కూర్చుని, చాలాసేపు.

నేను జమేదారును కాగితం ఇచ్చెయ్యమని అడిగాను. ఆయన దాన్ని మళ్లీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“గిది నా తాననే ఉంటది. కాలవెట్టిన్నంటే రేపు నా మీదికొస్తది. ఫికర్ చెయ్యకు. మీ అన్నకు చెప్పు, జామీను తీరెదాక ర వత్తులేని మాటలే రాయమను.”

ఎగతాళి అనుకున్నాను. ఆయన నవ్వడం లేదు. సైకిలెక్కి వెళ్లిపోయాడు. ఆ కాగితం ఆయన పెట్టెలో ఎక్కడో ఉందన్న సంగతి, జామీను గడువు తీరేదాకా ప్రతి రాత్రీ నా పక్కన పడుకుంది. అన్నను మళ్లీ ఎవరూ పిలవలేదు. కానీ ఆ రోజు మాకు అది తెలియదు కదా.

“ఇగ పోదాం పా అన్నా,” అన్నాను. ఆ పూట నా నోటికి కూడా శుద్ధమైన మాట రాలేదు.

“ఏడికి? నేను సగమే చూసిన.”

“జీపు మల్లొస్తే?”

“వస్తే వస్తది. నువ్వు పో.”

నేను పోలేదు. మసి చేతులు వెనక్కి పెట్టుకుని అతడు లోపలికి నడిస్తే వెనకే నడిచాను. ఆడవాళ్లు అప్పటికే ఇళ్లకు బయలుదేరారు. హాలు చివర, కిటికీ పక్కన, మాస్టర్ ఆఖరున తగిలించిన బొమ్మ ఒకటుంది. ఎద్దుల బండి మీద వేటకు పెంచిన చిరుత. కళ్లకు తోలు గంతలు. పక్కన దాని గొలుసు పట్టుకున్న మనిషి, వాళ్ల వెనక వాన ముందటి ఆకాశం. చిరుత తల ఎత్తి ఏదో వింటోంది. అన్న దాని ముందు నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉన్నాడు.

“గీ మచ్చలు చూసినవా?” అన్నాడు. “నలుపు లేనే లేదురా అండ్ల. నీలం ఏసి, దాని మీద ఎర్రమన్ను రంగు పల్సగ ఏసిండు. నేను ఇన్నేండ్లు డబ్బాల నలుపే గుద్దిన. దగ్గరికొచ్చి చూడు.”

దగ్గరికి వంగాను. మచ్చలో నీలం ఉందో ఎరుపు ఉందో నాకు పట్టలేదు. రోడ్డు మీద ఏదో బండి వస్తున్న చప్పుడు. గేర్లు మారుస్తోంది. గేటు దగ్గర నెమ్మదించింది. నా వేళ్లు అన్న చొక్కా అంచును పట్టుకున్నాయి.

“బస్సేరా,” అన్నాడు అన్న, చిరుత మీది నుంచి కళ్లు తీయకుండానే.